ఒక రీలుకి డెబ్భై రెండు బొమ్మలు

రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి ఇంట్లో, హాలు గోడ మీద ఒక ఫోటో ఉంది. సరిగ్గా చెప్పాలంటే రెండు ఫోటోలు. ఒకే కాగితం మీద పక్కపక్కన రెండు నిలువు బొమ్మలు, మధ్యలో సన్నటి నల్లగీత. ఎడమవైపు బొమ్మలో వాకిట్లో పేము కుర్చీ, అందులో అమ్మమ్మ, ఆవిడ కాళ్ళ ముందు ముగ్గు, గొబ్బెమ్మలు. కుడివైపు అదే వాకిలి, అదే కుర్చీ. కుర్చీలో ఎవరూ లేరు. వెనకాల షామియానా కింద జనం బంతిలో కూర్చుని భోంచేస్తున్నారు. మొదటిది 1986 సంక్రాంతికి తీసింది. రెండోది ఆ ఏడాది జూన్‌లో, ఆవిడ పోయిన పదకొండో రోజున.

నేను పుట్టడానికి రెండేళ్ళ ముందే అమ్మమ్మ పోయింది. నాకు తెలిసిన అమ్మమ్మంటే ఆ ఎడమవైపు బొమ్మే. చిన్నప్పుడు దాన్ని ఎవరో స్టూడియోలో కావాలని అలా చేయించారనుకునేవాణ్ణి. కాస్త పెద్దయ్యాక, సాహిత్యం పిచ్చి పట్టిన కొత్తలో, మా మావయ్యలో ఓ కవి దాగున్నాడనుకున్నాను. రెండేళ్ళ కిందట మావయ్య పోయాక అత్తయ్య ఆయన కెమెరా తీసి నా చేతిలో పెట్టింది. ‘నీకే ఇలాంటివి ఇష్టం కదరా, తీసుకుపో’ అంది. దాన్ని విప్పి చూశాక తెలిసింది, ఆ ఫోటో అలా రావడానికి కారణం పొదుపు అని. ఇంకా చెప్పాలంటే జపాన్‌లో ఓ కుర్ర ఇంజినీరు చేసిన పొదుపు.

ఆ కెమెరా పేరు ఒలింపస్ పెన్ ఈఈ-3. మావయ్య 1984లో కువైట్ నుంచి సెలవులకి వచ్చినప్పుడు తెచ్చాడట. అరచేతిలో పట్టేస్తుంది గానీ, లోహం కాబట్టి చేతికి బరువు తెలుస్తుంది. లెన్సు చుట్టూ కందిరీగ కన్నులా గింజలు గింజలుగా ఒక గాజు వలయం. బ్యాటరీ లేదు. పెట్టడానికి చోటు కూడా లేదు. వెనకనున్న పళ్ళ చక్రాన్ని బొటనవేలితో తిప్పితే రీలు ముందుకి జరుగుతుంది. కంటికి ఆనించుకుని చూస్తే లోపల అడ్డంగా కాదు, నిలువుగా కనబడుతుంది లోకం. మొదటిసారి చూసినప్పుడు ఫోన్ కెమెరాలాగే ఉందే అనుకున్నాను. ఇప్పటి పిల్లలకి రీలు అంటే ఫోన్‌లో చూసే నిలువు వీడియో. మావయ్య రీలు కూడా నిలువుదే. ఈ కాకతాళీయాన్ని ఎక్కడో ఒకచోట వాడుకుందామని ఎదురుచూస్తున్నాను, ఇక్కడ కుదిరింది.

నిలువు ఎందుకంటే, కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఫోటోగ్రఫీలో డబ్బు ఎప్పుడూ రీలులోనే ఉంది. జార్జ్ ఈస్ట్‌మన్ ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టాడు. 1888లో ఆయన అమ్మిన మొదటి కొడాక్ కెమెరా పాతిక డాలర్లు. అందులో వంద బొమ్మలకి సరిపడా రీలు ఎక్కించే ఇచ్చేవాళ్ళు. అయిపోయాక కెమెరాకి కెమెరానే కంపెనీకి పంపిస్తే, పది డాలర్లు పుచ్చుకుని, బొమ్మలు కడిగి, కొత్త రీలు వేసి తిరిగి పంపేవాళ్ళు. 1900లో వచ్చిన బ్రౌనీ అయితే అట్టపెట్టె కెమెరా, ధర ఒక్క డాలరు. ఆరు బొమ్మల రీలు పదిహేను సెంట్లు. అంటే ఏడు రీళ్ళు కొంటే కెమెరా ఖరీదు దాటిపోతుంది. ఇప్పుడు ప్రింటర్ చవగ్గా ఇచ్చి ఇంకుతో ఇల్లు గుల్లచేసే కంపెనీలకి మూలపురుషుడు ఈయనే.

ఇప్పుడు మనం 35 ఎంఎం అంటున్న ఫిల్ము అసలు సినిమాది. సినిమా కెమెరాలో అది పైనుంచి కిందకి నడుస్తుంది. ఒక్కో బొమ్మకి నాలుగు రంధ్రాల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు, 18 ఎత్తు. జర్మనీలో లైట్స్ కంపెనీ ఇంజినీరు ఆస్కర్ బార్నాక్ ఈ ఫిల్మునే ఫోటోలకి వాడదామనుకున్నాడు. కానీ సినిమా బొమ్మ మరీ చిన్నది, పెద్దది చేస్తే చెదిరిపోతుంది. అందుకని ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు సినిమా బొమ్మల చోటు ఒక్క ఫోటోకి ఇచ్చాడు. ఎనిమిది రంధ్రాలు, 24 ఇంటూ 36. 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా పేరుతో ఆ కెమెరా బయటికొచ్చింది. 1934లో కొడాక్ ఆ ఫిల్మును డబ్బాలో పెట్టి, పట్టపగలే కెమెరాలో వేసుకునేలా అమ్మడం మొదలుపెట్టింది. ముప్ఫై ఆరు బొమ్మల లెక్క మనందరి బుర్రల్లో అలా స్థిరపడింది. మన పెళ్ళి ఆల్బమ్‌లు, విహారయాత్రలు, అన్నీ ముప్ఫై ఆరు గుణకాల్లోనే జరిగాయి.

ఇక జపాన్. యోషిహిసా మైతాని 1933లో పుట్టాడు. వసేదా విశ్వవిద్యాలయంలో చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. చదువుకునే రోజుల్లోనే దగ్గర ఒక లైకా ఉండేది, కెమెరా మీద పేటెంటు కూడా ఉంది. అది చూసే ఒలింపస్ వాళ్ళు 1956లో ఉద్యోగంలోకి తీసుకున్నారు. కొన్నాళ్ళు ఫ్యాక్టరీలో పని నేర్పించాక, ఏదో ఒకటి డిజైన్ చేసి చూపించమన్నారు. మన భాషలో చెప్పాలంటే ట్రైనీకిచ్చే ప్రాజెక్టు. అప్పట్లో ఆ కంపెనీ కెమెరా కొనాలంటే ఇరవై వేల యెన్ల పైమాటే, మామూలు ఉద్యోగికి రెండు నెలల జీతం. ఇతను ఆరు వేల యెన్లకి కెమెరా చేస్తానని కూర్చున్నాడు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడుంది. ఆరు వేలలో కెమెరా అంటే ఎవరైనా ముందు లెన్సు మీద కోత పెడతారు. కొన్నవాడికి లెన్సు మంచిచెడ్డలు పైకి కనబడవు కదా. మైతాని తిరగేసి చేశాడు. ముందు లెన్సు వాళ్ళ దగ్గరికి పోయి, నా లైకా పక్కన పెట్టినా సిగ్గుపడనక్కర్లేని లెన్సు చెయ్యండన్నాడు. వాళ్ళు చేశారు, నాలుగు గాజుల జూయికో. బడ్జెట్ దాదాపు అక్కడే అయిపోయింది. ఇక మిగతా కెమెరా అంతా మిగిలిన చిల్లరతో కట్టాలి. ఫిల్ము జరపడానికి పైన మీట పెడితే లోపల పళ్ళ చక్రాలు బోలెడు కావాలి, అవి ఖర్చు. అందుకని వీపు మీదే ఒక చక్రం పెట్టి, బొటనవేలితో నేరుగా తిప్పుకోమన్నాడు. బొమ్మ సైజు సగం చేసి మళ్ళీ సినిమా బొమ్మ కొలతకే తెచ్చేశాడు. బొమ్మ చిన్నదైతే లెన్సు చిన్నది, కెమెరా చిన్నది. పైగా ముప్ఫై ఆరు బొమ్మల రీలు మీద డెబ్భై రెండు. ఫిల్ము అడ్డంగా నడుస్తోంది, బొమ్మ సగమైంది కాబట్టి 18 వెడల్పు, 24 ఎత్తు. అందుకే నిలువు. కెమెరా ఖరీదు ఎవరైనా తగ్గించగలరు గానీ, కొన్నవాడి రీళ్ళ ఖర్చు కూడా సగం చెయ్యాలనుకోవడం మాత్రం ఈస్ట్‌మన్‌ గారికి రుచించే ఆలోచన కాదు.

ఫ్యాక్టరీ వాళ్ళు ఇదేం బొమ్మ కెమెరా అని చెయ్యనన్నారు. మొదట్లో బయట కంపెనీకిచ్చి చేయించాల్సొచ్చింది. 1959 అక్టోబరులో 6,800 యెన్లకి బజారుకొచ్చింది. కలంలా జేబులో పెట్టుకు తిరగాలని పేరు పెన్. లక్షల్లో అమ్ముడుపోయింది. సర్వీసు కంపెనీల్లో పదేళ్ళకి పైగా పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఎక్కడ కొయ్యాలో అందరికీ తెలుసు, ఎక్కడ కొయ్యకూడదో ముందే రాసిపెట్టుకునే మనుషులు అరుదు.

రెండేళ్ళకి, 1961లో, పెన్ ఈఈ వచ్చింది. దీంట్లో తిప్పాల్సినవి, కొలవాల్సినవి ఏమీ లేవు. లెన్సు చుట్టూ ఉన్న ఆ కందిరీగ కన్ను వెనకాల సెలీనియం ఉంటుంది. వెలుతురు పడితే దాంట్లో కొద్దిగా కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకి ఒక సూది కదులుతుంది. బటన్ సగం నొక్కగానే మెట్లుమెట్లుగా ఉన్న ఒక రేకు వచ్చి, ఆ సూదిని ఎక్కడుంటే అక్కడ నొక్కి పట్టేస్తుంది. సూది ఏ మెట్టు దగ్గర దొరికిందో దాన్నిబట్టి లెన్సు కన్నం ఎంత తెరుచుకోవాలో తేలిపోతుంది. అంతే. కోడ్ లేదు, చిప్ లేదు, ఎండకి స్పందించే ఒక తక్కెడ. వెలుతురు మరీ చాలకపోతే సూది అసలు లేవదు. అప్పుడు కెమెరా బటన్‌ని బిగించేసి, మీరు చూసే కిటికీలోకి ఒక ఎర్రటి నాలుక బయటపెడుతుంది. తియ్యను పొమ్మనడం అన్నమాట. అవతలివాడి రీలు వృథా కాకుండా యంత్రమే అడ్డుపడటం కన్నా మర్యాద ఏముంటుంది?

మావయ్య దగ్గరున్న ఈఈ-3 ఆ వంశంలో చివరి తరాల్లోది, 1973లో మొదలైంది. ఇదే యంత్రాన్ని పూర్తి సైజు బొమ్మకి పెంచి చేసినదే ట్రిప్ 35. అరవైల చివర్లో మొదలై 1984 దాకా నడిచింది. ఇవాళ చవగ్గా ఫిల్ము ఫోటోలు తీద్దామనుకునే వాళ్ళకి అందరూ మొదట చెప్పే పేరు అదే. సెలీనియం ముసలిదవుతుంది, తేమ తగిలితే ఇంకా తొందరగా. పాత కెమెరా కొనేటప్పుడు అరచేత్తో ఆ కన్ను మూసి బటన్ నొక్కండి, ఎర్ర నాలుక రావాలి. ఎండలో పెట్టి నొక్కండి, రాకూడదు. రెండూ జరిగితే సగం గట్టెక్కినట్టే. మిగతా సగం లెన్సులో బూజు ఉందో లేదో టార్చి వేసి చూసుకోవడం. కోనసీమలో నలభై ఏళ్ళు ఉన్నా మావయ్య కెమెరాకి బూజు పట్టలేదంటే, బియ్యం డబ్బాలో గుడ్డలో చుట్టి పెట్టిన మా అత్తయ్య పుణ్యం.

కువైట్ నుంచే ఎందుకు తేవాలి అంటే, ఆ రోజుల్లో విదేశీ కెమెరా ఇక్కడ కొట్లో కొనడం మధ్యతరగతి వల్ల అయ్యేది కాదు. సుంకాలు అలా ఉండేవి. ఇక్కడ మామూలు ఇళ్ళలో తెలిసిన కెమెరా అంటే బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. దాంట్లో వెడల్పాటి 120 రీలు పడుతుంది, పన్నెండంటే పన్నెండే బొమ్మలు. ఫిల్ము విషయంలో మాత్రం ప్రభుత్వం గట్టి ప్రయత్నమే చేసింది. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ అని 1960లో పెట్టి, ఫ్రాన్స్ కంపెనీ బోషే సాంకేతిక సాయంతో 1967లో ఉత్పత్తి మొదలుపెట్టారు. దాని సరుకు పేరు ఇందు. మన తరానికి ఊటీ అంటే హనీమూన్ పాటలు, కానీ ఆ కొండ మీద చీకటి గదుల్లో వేలమంది వెండి ఉప్పు పూసిన ఫిల్ము తయారుచేశారు. ఆసుపత్రుల ఎక్స్‌రేలు చాలా వరకు అక్కడివే. బజారు మొత్తం కలర్ వైపు, ఆ తర్వాత డిజిటల్ వైపు పోయింది. సంస్థ తొంభైల్లోనే ఖాయిలా పడి, ఇరవై ఏళ్ళు ఈడ్చి, చివరికి మూతపడింది.

వెండి ఉప్పు అన్నాను కదా, ఫిల్ము ఖరీదుకి అదీ ఒక కారణం. 1979 మొదట్లో ఔన్సు ఆరు డాలర్లున్న వెండి, అమెరికాలో హంట్ సోదరులు గుత్తకి పట్టి కొనడంతో, 1980 జనవరికి యాభై దగ్గరికి పోయింది. ఎక్కడో టెక్సాస్‌లో చమురు కుబేరులు జూదమాడితే లోకంలో రీళ్ళ ధరలు పెరిగాయి. అలాంటి కాలంలో డెబ్భై రెండు బొమ్మలంటే సామాన్యం కాదు.

మావయ్య వాటిని రెండేళ్ళు వాడాడు. కువైట్ నుంచి తెచ్చిన మూడు సాకురా రీళ్ళు ఆరేళ్ళొచ్చాయి. అయిపోయిన రీలును కాకినాడలో స్టూడియోకిస్తే వాళ్ళు మద్రాసు పంపించి కడిగించేవాళ్ళట. అసలు కథ అక్కడ జరిగింది. మద్రాసులో ప్రింట్లు వేసే మనిషి ముందున్న యంత్రం పూర్తి సైజు బొమ్మకి అమర్చి ఉంటుంది. దానికి సగం బొమ్మలు తెలియవు. ఎనిమిది రంధ్రాలు జరుపుతుంది, ఒక ప్రింటు వేస్తుంది. అందుకని రెండేసి బొమ్మలు ఒక కాగితం మీద పడ్డాయి. బొమ్మకీ బొమ్మకీ మధ్య వెలుతురు తగలని ఫిల్ము ఖాళీ, ప్రింటులో నల్లగీతయింది. విడివిడిగా కావాలంటే ఒక్కొక్కటీ చేత్తో వెయ్యాలి, డబ్బులు ఎక్కువ. మావయ్య వద్దన్నాడు. డెబ్భై రెండు బొమ్మలకి ముప్ఫై ఆరు ప్రింట్లే, అదీ కలిసొచ్చింది కదా అనుకున్నాడట.

అంటే అమ్మమ్మ కూర్చున్న కుర్చీ, ఖాళీ కుర్చీ పక్కపక్కన రావడానికి కారణం ఇంతే. సంక్రాంతి బొమ్మ తర్వాత అయిదు నెలలు మావయ్య బటన్ నొక్కలేదు. నొక్కాల్సినంత ముఖ్యమైనదేదీ జరగలేదు. మళ్ళీ నొక్కింది ఆ రోజే. సంక్రాంతికి ఇంకొక్క బొమ్మ తీసుంటే జంట మారిపోయేది. ఎడమవైపు ఏ అరటి గెలో వచ్చేది.

ఆ రీలు ప్రింట్లన్నీ ఈమధ్య వరుసగా పరిచి చూశాను. ఆ ప్రింటు తర్వాతది ఆగస్టు వరద. 1986 గోదావరి వరద గురించి ఆ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎడమవైపు నీళ్ళలో సగం మునిగిన అరుగు, కుడివైపు అదే అరుగు మీద ఎండబెట్టిన పరుపులు. దాని తర్వాత ఒక పెళ్ళి. ఎవరిదో అమ్మకి కూడా గుర్తులేదు.

ఇలా చూస్తున్నప్పుడే ఇంకొకటి తట్టింది, దాంతో కొంచెం మనసు చేదయింది. డెబ్భై రెండు బొమ్మల్లో ఇంటి లోపలిది ఒక్కటి లేదు. అన్నీ వాకిలి, అరుగు, పెరడు, డాబా, కాలవగట్టు. లోపల వెలుతురు చాలదు, ఎర్ర నాలుక వచ్చేస్తుంది. ఫ్లాషు విడిగా కొనాలి, మావయ్య కొనలేదు. అందువల్ల బయట తిరిగేవాళ్ళు ఆల్బమ్‌లోకి ఎక్కారు. మావయ్యలు, వాళ్ళ స్నేహితులు, ఎద్దులు, రాజ్‌దూత్ మోటార్ సైకిలు. లోపలుండేవాళ్ళు పండగ రోజున ‘ఇలా బయటికి రండి’ అని పిలిస్తే, పమిటచెంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డప్పుడు మాత్రమే ఉన్నారు. మా అమ్మ అప్పటికి ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళ పిల్ల, రీలు మొత్తం మీద మూడుసార్లు కనబడుతుంది. మూడుసార్లూ ఎండకి కళ్ళు చికిలించుకునే ఉంది. అమ్మమ్మ జీవితంలో ముప్పావు భాగం గడిచిన వంటగది ఎలా ఉండేదో చూపించే బొమ్మ మా దగ్గర ఒక్కటి లేదు. ఆ వంటగది 1994లో పడగొట్టారు.

మైతాని పెన్ ఈఈ చేసినప్పుడు మనసులో పెట్టుకున్నది కెమెరా గొడవలు తెలియని వాళ్ళని, ముఖ్యంగా ఇళ్ళలో తల్లులని. వాళ్ళే పిల్లల ఫోటోలు తీసుకోవాలని. మా ఇంట్లో ఆ కెమెరా ఏ తల్లి చేతికీ ఇవ్వలేదు. ‘పాడైపోద్దేమోనని మీ మావయ్య ముట్టుకోనిచ్చేవాడు కాదురా’ అంటుంది అమ్మ, మామూలుగానే.

ఇక ఇప్పటి సంగతి. ఫిల్ము మళ్ళీ ఫ్యాషనైంది. 2012లో దివాలా పిటిషన్ వేసిన కొడాక్ ఇప్పటికీ ఫిల్ము తయారుచేస్తోంది. తొంభైల నాటి చిన్న కెమెరాలు, ఒలింపస్ మ్యూ లాంటివి, సినిమావాళ్ళ చేతుల్లోనూ మోడళ్ళ చేతుల్లోనూ కనబడి ఆకాశానికెక్కాయి. 2024లో పెంటాక్స్ వాళ్ళు సుమారు ఇరవయ్యేళ్ళ తర్వాత కొత్త ఫిల్ము కెమెరా చేశారు, పెంటాక్స్ 17. అదీ సగం బొమ్మల కెమెరానే, నిలువుదే. వచ్చినప్పుడు దాని ధర అమెరికాలో అయిదు వందల డాలర్లు. పేదవాడి కెమెరాకి ఇలాంటి మనవడు పుడతాడని మైతాని ఊహించి ఉండడు. ఆయన 2009లో పోయాడు.

నా లెక్క చెబుతాను. మొన్న హైదరాబాద్‌లో నేను కొన్న 400 స్పీడు కలర్ రీలు 1,050 రూపాయలు. కడిగి, స్కాన్ చేసినందుకు 550. మొత్తం 1,600. మామూలు కెమెరాలో అయితే బొమ్మకి 44 రూపాయలు పడేది, దీంట్లో 22. ఇంకా చవక కావాలంటే దారులున్నాయి. నలుపు తెలుపు ఫిల్ము వంద అడుగుల చుట్ట కొని, చీకట్లో ఒకటిన్నర మీటరు పైచిలుకు చొప్పున కత్తిరించి డబ్బాల్లో చుట్టుకుంటే పద్ధెనిమిది రీళ్ళొస్తాయి. బాత్‌రూమ్ తలుపు కింద తువ్వాలు కుక్కి నేనూ ఒకసారి ప్రయత్నించాను. సగంలో మా ఆవిడ గీజర్ స్విచ్ అనుకుని లైటు స్విచ్ వేసింది. ఆ విషయం వదిలేద్దాం.

కెమెరా పట్టుకుని ఈ సంక్రాంతికి ఇంటికెళ్ళాను. దాని మాన్యువల్ ఎక్కడో దొరికితే చదివాను కాబట్టి మావయ్యకి తెలియని ఒక సంగతి నాకు తెలిసింది. లెన్సు చుట్టూ ఉన్న రింగుని ఆటో మీంచి తప్పించి 3.5 అంకె దగ్గర పెడితే, షట్టరు సెకనులో నలభయ్యో వంతుకి ఆగిపోతుంది, ఎర్ర నాలుక అడ్డం రాదు. అది ఫ్లాషు కోసం పెట్టిన ఏర్పాటు. కానీ ఫ్లాషు లేకుండానూ వాడుకోవచ్చు, ఎవరూ ఆపరు. మావయ్య రీళ్ళ స్పీడు 100 కాబట్టి, ఆయనకి తెలిసినా వంటగది బొమ్మ చీకటిగానే వచ్చేదేమో. 400 రీలుతో, పొద్దున పూట కిటికీ పక్కనైతే, సరిగ్గా అంచు మీద గట్టెక్కుతుంది.

అమ్మ అరిసెలు వత్తుతుంటే తలుపు దగ్గర నిలబడి ఒకటి తీశాను. చక్రం తిప్పి కెమెరా అమ్మ చేతికిచ్చాను. నూనె చేతులంటూ వద్దంది. తుడుచుకోమన్నాను. ‘ఇందులో అంతా నిలువుగా ఉందేంటి’ అంటూ చాలాసేపు చూసి నొక్కింది.

స్కాన్ చేసే కుర్రాడికి విడగొట్టకుండా రెండేసి కలిపి ఇమ్మని చెప్పాను. ఎడమవైపు పొయ్యి, పొగ, కిటికీ వెలుతురు ఒక చెంప మీద పడి అమ్మ. కుడివైపు నేను, నడుం పైనుంచి, గడపకి ఆనుకుని. ఒక మూల ఆవిడ వేలు అడ్డం పడి ఎర్రగా మసకగా ఉంది. మధ్యలో నల్లగీత. ఫోన్‌లో పంపిస్తే అమ్మ వెంటనే ఫోన్ చేసింది. గోడ మీద నూనె జిడ్డంతా కనబడుతోందట, దాన్ని మాత్రం మన వాళ్ళ గ్రూపులో పెట్టొద్దంది.